డ్రైవర్‌కిచ్చిన గోలీ

ఇన్నేళ్లుగా నేను అడుగుతున్న ఒక్క ప్రశ్నను మా వాళ్లెవరూ పట్టించుకోలేదు. పైగా నన్నే లొల్లిమనిషి అన్నారు. అయినా అడుగుతాను.

మా పెద్దమ్మకు ఎవరు కనిపించినా చేతిలో ఏదో ఒకటి పెట్టందే తోచేది కాదు. మేమంతా బండెక్కితే వాంతులు చేసుకునేవాళ్లం. అందుకని ప్రయాణానికి గంట ముందే తలా ఒక వాంతుల గోలీ అరచేతిలో పెట్టేది.

కోస్గి నుంచి చిట్యాలకు పెళ్లికి డీసీఎం వ్యాను మాట్లాడుకుని బయల్దేరిన రోజున, అందరికీ పంచి, చివరి గోలీ డ్రైవర్ ముందుకు చాపింది.

"పెద్దమ్మా, గాయనకియ్యకు. గా గోలీతోని నిద్రొస్తది. బండి నడిపేటోళ్లు ఏసుకోవద్దు" అన్నాను.

"అందరికిచ్చి గాయనొక్కణ్ని ఇడిసిపెడితే ఏం మంచిగుంటదిరా? మనసుల వెట్టుకోడా?"

అందరూ నన్ను చూసి నవ్వారు. డ్రైవర్ కూడా నవ్వి, గోలీ అందుకుని అటు తిరిగాడు.

షాద్‌నగర్ దాటాక బండి రోడ్డు దిగి బోల్తా పడింది. పెదనాయిన అక్కడికక్కడే పోయాడు. డ్రైవర్ కునుకు తీశాడని కొందరు, టైరు పేలిందని కొందరు అన్నారు.

ఆ తర్వాత పెద్దమ్మ ఎవరి చేతికీ ఏదీ ఇవ్వలేదు. మంచినీళ్లయినా గ్లాసు అరుగు మీద పెట్టి వెనక్కి జరిగేది. "నా చేతులతోనే సంపుకున్న" అనుకుంటూనే పోయిన ఏడాది కన్నుమూసింది.

డ్రైవరన్నా, నేను ఎదురుపడ్డప్పుడల్లా తల తిప్పుకుంటున్నావు. ఆమె మాట కాదనలేక ఆ గోలీ మింగావా, పారేశావా? ఇప్పటికైనా చెప్పు.