నెత్తిమీద పెట్టుకున్న తెర

ఆ పొద్దున టీ కప్పు నా చేతిలోంచి జారింది. తొందరపాటుతో జారడం కాదు. గట్టిగానే పట్టుకున్నాననుకున్నాను, చూస్తే కప్పు నేల మీద ఉంది, టీ నా కాళ్ల మీద ఉంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి, ఎవరివో వేళ్లు తెచ్చి నాకు తగిలించినట్టున్నాయి. కార్ఖానాలో పక్కనున్నవాళ్లు "ఏమైంది మాస్టర్?" అని పరుగెత్తుకొచ్చారు. నేను మాత్రం నా చేతివైపు చూడలేదు. కేబిన్ తలుపు దగ్గర విఠల్ ఉన్నాడా, ఇది వాడి కంట పడిందా అని చూశాను. ఉన్నాడు. చూశాడు కూడా.

విఠల్ నాకు సడ్డకుడు, అంటే నా భార్య సుశీల చెల్లెలు పుష్పకు మొగుడు. సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో వాళ్ల ఇల్లూ మా ఇల్లూ ఒకే గల్లీ. ఇద్దరం పనిచేసేది టవళ్లూ చాదర్ దుప్పట్లూ నేసే ఒకే కార్ఖానాలో. నేను డిజైన్ మాస్టర్‌ని. గ్రాఫ్ కాగితం మీద గడిగడికీ రంగు నింపి నెమలినో పువ్వునో గీస్తాను. ఆ కాగితం చూసి విఠల్ అట్టలకు రంధ్రాలు కొట్టేవాడు. ఆ అట్టలు సాంచా, అంటే మరమగ్గం, పైనుండే జకార్డు యంత్రంలో తిరిగితే, కింద టవల్ మీద నా నెమలి దిగేది. గీసేవాణ్ణి నేను, చూసి కొట్టేవాడు వాడు. లోకం ఎప్పటికీ ఇట్లాగే ఉండాలని నా కోరిక.

వాడంటే నాకు మొదటి నుంచీ పడదు. వాడు నాకు చేసిన కీడేమీ లేదు. పొడుగ్గా ఉంటాడు, నవ్వుతూ మాట్లాడతాడు. మా అత్తగారింట్లో పండగపూట నేను అడిగి వేయించుకునేది, వాడి కంచంలోకి అడగకుండానే వచ్చి పడుతుంది. "అన్నా, అన్నా" అని నా వెనకే తిరుగుతాడు. ఆ పిలుపు వింటే కూడా నాకు ఒళ్లు మండేది.

మా కార్ఖానాకు డిజైన్ల కోసం కంప్యూటర్ వచ్చినప్పుడు యజమాని, మేం మాలక్ అంటాం, ఎనిమిది రోజుల ట్రైనింగుకు నన్నే పుణె పంపాడు. తిరిగొచ్చాక నా నడకే మారిపోయిందని సుశీల ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. దసరా ముందురోజు, ఖండేనవమి నాడు, సాంచాలన్నిటికీ బొట్లు పెట్టి, కంప్యూటర్‌కు కూడా బంతిపూల దండ వేశాం. మానిటర్ ఎక్కడ పెట్టాలో మాలక్‌కు తెలియలేదు. నన్ను అడిగాడు.

"జకార్డు ఎక్కడుంటది మాలక్? నెత్తి మీదనే గదా!" అన్నాను. "ఇది గూడ జకార్డే. ఎత్తు మీదనే పెట్టాలె."

సాలెవాళ్లం. నకాషా, అంటే డిజైన్, పైనుండాలి, బట్ట కింద దిగాలి. ఇంకోలా ఉంటుందని మాలో ఎవరికీ తోచలేదు. వడ్రంగిని పిలిపించి గోడకు ఎత్తుగా ఒక పీట కొట్టించాం. వెనక ఇంత పొట్టేసుకున్న ఆ బరువు మానిటర్‌ను ఇద్దరు పట్టి దాని మీద కూర్చోబెట్టారు. నేను కింద కుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చి పైకి చూస్తూ పని చేసేవాణ్ణి. కేబిన్‌కు అద్దం గోడ. తెర ఎత్తున ఉండేసరికి సాంచాల దగ్గరున్న వాళ్లందరికీ నా డిజైన్ కనబడేది. నాకదే గొప్ప. మౌస్ మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. విఠల్ భోజనం అయ్యాక తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండేవాడు. ఏం చూస్తాడో చూడనీ, ముట్టకుండా ఏం నేర్చుకుంటాడులే అనుకున్నాను.

ఏడాది గడిచేసరికి సాయంత్రాలు మెడ వెనక నొప్పి లేచి నుదుటి దాకా పాకేది. కళ్లలో నీళ్లు కారేవి. కుడి భుజం వెనక ఎవరో మేకు దిగ్గొట్టినట్టు ఉండేది. ఎండ అనుకున్నాను, పిత్తం అనుకున్నాను. చివరికి ఈ కప్పు జారింది.

"దవాఖానకు పోదాం పా," అంది సుశీల.

"పోతే సుట్టీ తీసుకొమ్మంటడు. నేను సుట్టీ పెడితే ఆ కుర్చీల ఎవడు కూసుంటడో ఎరుకేనా నీకు?"

"నా చెల్లె మొగుడు కూసుంటడు. ఆయన కూసుంటే కుర్చీ అరుగుతదా?"

అరుగుతుందనే నా భయం. అందుకని డాక్టర్ దగ్గరికి పోకుండా, తాలింలో కుస్తీ పట్టే పహిల్వాన్ దగ్గరికి మాలిష్‌కు పోయాను. ఆయన నూనె పట్టించి, నా గడ్డం పట్టుకుని మెడను ఒక్కసారి పక్కకు తిప్పాడు. టక్‌మంది. "అయిపోయె, ఇగ పో" అన్నాడు. ఇంటికొచ్చేసరికి చెయ్యి మోచేతి కింద నుంచీ మొద్దుబారిపోయింది. చొక్కా గుండీ పెట్టుకోవడం చేతకాలేదు. గుండీలు పెడుతూ సుశీల ఏడ్చింది. అప్పుడు కదిలాను. దయచేసి ఎవరూ నాలాగా మెడ తిప్పించుకోకండి.

ఎముకల డాక్టర్ నా తలను వెనక్కి వంచి, కొంచెం కుడివైపు వాల్చి పైనుంచి మెల్లగా నొక్కాడు. భుజం నుంచి బొటనవేలి దాకా కరెంటు పాకింది. అరిచాను. ఎక్స్‌రే తీయించి దీపం ముందు పెట్టి చూపించాడు. "ఇది C5, ఇది C6. నడుమ గ్యాప్ తగ్గింది. సర్వైకల్ స్పాండిలోసిస్. నర్వ్ రూట్ మీద ప్రెషర్ పడుతుంది. ఏం పని చేస్తరు?"

"కంప్యూటర్ మీద డిజైన్లు."

"ఎట్ల కూసుంటరు? చేసి చూపించండి."

నొప్పి పుడుతున్నా కొంచెం తల ఎత్తి చూపించాను. డాక్టర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "అరే, ఇది కంప్యూటర్ చూసుడా, పతంగి చూసుడా?" తర్వాత నవ్వు మానేసి చెప్పాడు: "స్క్రీన్ పై అంచు మీ కండ్లకు సమానం ఉండాలె. లేకుంటే కొంచెం కిందికి. పైకి మాత్రం వద్దే వద్దు. మీ జాగల ఎవరు కూసున్నా వాళ్లకు గూడ ఇదే అయితది. ముందుగాల దాన్ని దించుమని కార్ఖానల చెప్పండి."

తల ఊపలేక "సరే" అన్నాను. సుశీల నా పక్కనే కూర్చుని అంతా వింది. మెడకు కాలర్, మాత్రలు, రోజూ ఫిజియోథెరపీలో ట్రాక్షన్, ఆరు వారాలు రెస్ట్ రాశాడు. "ఆపరేషన్ ముచ్చట ఇప్పుడు లేదు. చేతిల పవర్ ఇంకా తగ్గితే మాత్రం ఆగకుండ రండి" అన్నాడు.

ఆ సాయంత్రమే విఠల్ వచ్చాడు. మాలక్ తెల్లారి నుంచి వాణ్ణే కుర్చీలో కూర్చోమన్నాడట. "నీకు కంప్యూటర్ ఎట్లొస్తది?" అని సుశీల అడిగింది.

"స్క్రీన్ గంత ఎత్తు మీదుండె గదా వదినా. డోర్ కాడ నిలబడి చూసి చూసి నేర్సుకున్న."

నా గొప్ప కోసం ఎత్తుకు ఎక్కించిన తెర వాడికి బడి అయిందన్నమాట!

"డాక్టర్ ఏమన్నడే అన్నా? గిది ఎందుకైందంట?" అని నా మంచం పక్కన కూర్చుని అడిగాడు విఠల్.

"వయసుతోటి వస్తదంట," అన్నాను.

అబద్ధమాడింది మతిమరుపుతో కాదు. నోటిదాకా వచ్చిన మాటను లోపలికి మింగాను. వాడు కూడా ఆ కుర్చీలో తల వాల్చి కూర్చోవాలి, వాడి వేళ్లు కూడా తిమ్మిరెక్కాలి. నేను తిరిగి వెళ్లేసరికి వాడు లేవాలి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే మిగతాది చెప్పి లాభం లేదు.

వాడు రోజూ వచ్చాడు. ఒకనాడు టవల్ అంచు గురించి, ఒకనాడు రంగు గురించి ఏదో అడిగేవాడు. లేచేముందు మాత్రం అదే ప్రశ్న. "ఎందుకైందో డాక్టర్ ఏమన్న చెప్పిండా అన్నా?" నేను గోడవైపు తిరిగేవాణ్ణి.

ఫిజియోథెరపీలో గడ్డం కింద పట్టీ వేసి, కప్పీ మీదుగా బరువు వేలాడదీసి మెడను లాగేవాళ్లు. కదలకూడదు, మాట్లాడకూడదు. ఆలోచించడం ఒక్కటే మిగిలింది. ఇంటికొచ్చి ఆ ఆలోచనలు గ్రాఫ్ నోట్‌బుక్‌లో గీశాను. ముందు ముందు మానిటర్లు ఎట్లా ఉంటాయి, ఎట్లా ఉండాలి అని.

మొదట దాని పొట్ట తీసేశాను. వెనక అంత పొట్ట ఉండబట్టే దానికంత బరువు, అందుకే ఒకసారి ఎక్కించాక ఎవరూ దించరు. రేపటి మానిటర్ తీగ మీద ఆరేసిన టవల్ అంత పల్చగా ఉండాలి, ఒక్క చేత్తో కదలాలి. తర్వాత వెడల్పు చేశాను. మేం నేసేది ఇంత వెడల్పు చాదర్. తెరలో కనబడేది దాంట్లో ఒక పువ్వు, ఒకటిన్నర ఆకు. పెద్ద తెర, లేదంటే పక్కపక్కన రెండు తెరలు, ఒకదాంట్లో అంచు, ఒకదాంట్లో నడుము. ఇంకోటి గీశాను, దానికి మెరుపు లేదు. ట్యూబ్‌లైట్ వైపు రోజంతా గుడ్లప్పగించి చూస్తామా? కాగితం లాగా బయటి వెలుతురులోనే కనబడే తెర కావాలి, రంగు కూడా బట్ట మీద ఎట్లా పడుతుందో అట్లాగే కనబడాలి.

మూడో వారం నొప్పి తగ్గింది. ఆ సంబరంలో నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని పొద్దంతా వంగి గీశాను. మర్నాడు తిమ్మిరి మళ్లీ మొదలు. ఫిజియోథెరపీ మేడమ్ బాగా తిట్టింది. "పైకి చూసి చెడగొట్టుకున్నరు, ఇప్పుడు కిందికి చూసి చెడగొట్టుకుంటరా?" ఇంట్లో సుశీల చేటలో ఆకూ తంబాకూ పెట్టుకుని బీడీలు చుడుతూ అంది: "నేను ఇన్నేండ్లసంది కిందికే చూస్తున్న. నా మెడకు పట్టి ఎవరేసిర్రు? నాకు గూడ ఏమన్న గీయరాదు." ఆ వారమే ఆమె చేట కింద పెట్టుకోవడానికి ఒక ఎత్తు బల్ల తెప్పించాను. పది రోజులు దాన్ని తిట్టి, తర్వాత వాడింది.

మేడమ్ తిట్టు వల్లే అసలు సంగతి తట్టింది. మనిషి తెర దగ్గరికి పోకూడదు, తెరే మనిషి దగ్గరికి రావాలి. మంగలి కుర్చీలాగా ఎక్కుతూ దిగుతూ ఉండే కాలు, ముందుకూ వెనక్కూ వంగే మెడ తెరకే ఉండాలి. నేను పొట్టి, విఠల్ పొడుగు. ఇద్దరికీ ఒకే ఎత్తు ఎట్లా కుదురుతుంది? అని రాసి, వాడి పేరు అక్కడ ఎందుకొచ్చిందా అని కొట్టేశాను. కోపం వచ్చి పక్క పేజీలో నా ముఖం చూస్తే తప్ప వెలగని తెర ఒకటి గీశాను. ఇంకెవరు కూర్చున్నా నల్లగా ఉండిపోవాలి. ఇంకో కాగితం మీద విఠల్ కోసం ప్రత్యేకంగా ఒక మానిటర్ గీశాను. అది దూలానికి వేలాడుతుంది. కాసేపు సంతోషంగా అనిపించింది, తర్వాత చింపేశాను.

ఆరు వారాలు అయ్యాక కాలర్‌తోనే కార్ఖానాకు వెళ్లాను. దారిలో ఒకటే ఆలోచన, వాడి మెడ ఎట్లా ఉందో అని. అద్దం గోడలోంచి చూస్తే గోడ మీద పీట ఖాళీగా ఉంది. మానిటర్ బల్ల మీద ఉంది. దాని కింద రెండు చెక్కలు పెట్టి విఠల్ కళ్ల ఎత్తుకు సరిచేసి ఉంది. వాడు మెడ తిన్నగా పెట్టి పని చేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి, కింది చెక్కలు రెండూ తీసేశాడు.

"కూసో అన్నా. నీ ఎత్తుకు చెక్కలు అక్కర్లేదు."

"ఎప్పుడు దించినవ్?"

"నేను కూసున్న మొదటి దినమే."

"ఎవరు చెప్పిర్రు?"

"నువ్వు దవాఖానకెళ్లి వచ్చిన దినమే వదిన మా ఇంటికొచ్చింది. డాక్టర్ గిట్లన్నడు, మీ ఆయనను మెడ ఎత్తి కూసోనియ్యకు అని పుష్పకు చెప్పింది. తెల్లారి మాలక్‌ను అడిగిన. దించుకో, నేనేమన్న వద్దన్ననా అన్నడు."

అప్పుడు నేను కూర్చున్నాను. "ఎరుకై ఉండి మరి రోజు వచ్చి నన్నెందుకు అడిగినవ్?"

విఠల్ తెరవైపు చూస్తూ అన్నాడు: "నువ్వు చెప్తవేమోనని వచ్చిన అన్నా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కూడా ఏదో ఒకటి అని గట్టెక్కేవాణ్ణి. నోట్‌బుక్ తీసి వాడి చేతిలో పెట్టాను. వాడు నిలబడే అన్ని పేజీలూ చూశాడు. "ఈ ఎక్కి దిగేది చేపిద్దాం," అన్నాడు.

వడ్రంగి చేత చేయించింది వాడే. నిలువు కర్రలకు వరుసగా రంధ్రాలు, మేకు ఏ రంధ్రంలో దూరిస్తే ఆ ఎత్తున పలక నిలబడుతుంది. ఇప్పుడు ఆ కుర్చీ ఇద్దరిదీ: పొద్దటిపూట నా రంధ్రం, మధ్యాహ్నం నుంచి వాడిది. నేను గీసినవాటిలో ఇప్పటికి నిజమైంది ఇదొక్కటే. పల్చటి తెరా, మెరవని తెరా ఎవరో ఎప్పుడో చేస్తారు. అవి వచ్చినా మా మాలక్ ముందు విఠల్‌కే ఇస్తాడని నా అనుమానం.

ఇది జరిగి రెండేళ్లయింది. కాలర్ తీసేశాను. చలికాలంలో మెడ పట్టేస్తుంది. రోజూ పొద్దున అరచేతిని నుదుటికి ఆనించి, తల కదలకుండా దానికి ఎదురు నెట్టే వ్యాయామం చేస్తాను. వేళ్లలో తిమ్మిరి లేదు. అసూయ మాత్రం పోలేదు. వాడు నాకంటే తొందరగా డిజైన్ ముగిస్తే ఇప్పటికీ ఆ పూట అన్నం సహించదు. దీనికి మాత్రం డాక్టర్ ఏ మందూ రాయలేదు.

మీలో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు నా సలహా ఒక్కటే. తెర పై అంచు మీ కళ్లకు సమానంగా ఉందో లేదో ఇవాళే చూసుకోండి, పైకి ఉంటే దించండి. ఆ తర్వాత, మీరు లేనప్పుడు ఆ కుర్చీలో కూర్చునే మనిషికి కూడా చెప్పండి. ఆ మనిషంటే మీకు గిట్టకపోతే మరీ తొందరగా చెప్పండి. నాకు ఆరు వారాల పాటు రోజూ ఒక సాయంత్రం దొరికింది, ఒక్కటీ వాడుకోలేదు.