నాన్న రక్తం నల్లగా కనిపించింది

హిందీ మాట్లాడే ఈ ఉక్కు పట్నంలో, సిద్ధగోరా అనే పేటలో ఒక చిన్న ల్యాబ్‌లో నేను రక్తం తీస్తాను. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోందని అమ్మ గొడవ పెడితే, బారిడీహ్‌లోని ఇంటి నుంచి ఆటోలో వచ్చి నా ముందు కూర్చుని చెయ్యి చాపాడు. ట్యూబులోకి రక్తం దిగుతుంటే మొహం మారింది.

"ఏటమ్మా, ఇంత నల్లగా ఉంది?"

"నల్లగా కాదు నాన్నా, ముదురు ఎరుపు. అందరిదీ అంతే."

"దెబ్బ తగిల్తే ఎర్రగా వత్తాది కదా. నా రగతం నాకు తెల్దేటి?"

వెనక ఆరుగురు లైన్లో ఉన్నారు. అయినా చెప్పాను. రక్తంలో ఇనుము ఉంటుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ని పట్టుకుంటే రక్తం ఎర్రగా మెరుస్తుంది. దాన్ని ఒంట్లో వదిలేసి వెనక్కొచ్చేటప్పుడు రంగు ముదురుతుంది. మేం సూది గుచ్చేది ఆ వెనక్కొచ్చే దారిలోనే.

నమ్మలేదు. సిరంజిలో మిగిలిన కాస్త రక్తాన్ని ఇంకో ట్యూబులో పోసి, గాలి తగిలేలా మెల్లగా అటూ ఇటూ తిప్పాను. ఎర్రబడింది.

"తుప్పు పట్టిందన్నమాట," అన్నాడు.

"తుప్పు కాదు. తుప్పయితే పట్టుకున్నది వదలదు. ఇది పట్టుకుంటుంది, వదిలేస్తుంది."

"అయితే మంచి ఇనుమే," అని ఒప్పుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. పదమూడు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఏడున్నర ఉంది. ఫోన్ చేసి, ఒంట్లో ఇనుము బాగా తగ్గిపోయిందని చెప్పాను.

"ఇనుం తక్కువా? నాకా? నీ మిషన్ సరిగా సూసుకో."

అప్పటికే రెండుసార్లు చూశాను. నాకూ అదే అనుమానం వచ్చింది మరి.

ఈ వయసులో రక్తం ఊరికే తగ్గదు, ఎక్కడికో పోతూ ఉండాలి. దానికి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ముక్కూమొహం తెలియని వాళ్ళని రోజూ అడుగుతాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నాన్నని అడగడానికి మాత్రం రెండు కప్పుల టీ తాగాల్సి వచ్చింది.

"నాన్నా, దొడ్డికి ఏ రంగులో అవుతోంది?"

టీవీ సౌండ్ పెంచాడు. వంటింట్లోంచి అమ్మ అరిచింది. "అడిగిందానికి సెప్పండి!"

"నల్లగా," అన్నాడు టీవీతో. "తారులాగ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"దసరా ముందు నుంచి."

"మరి చెప్పలేదేం?"

"కూతురికి సెప్పే మాటేటి అది?"

కడుపులో కారిన రక్తం అక్కడి ఆమ్లానికి నల్లబడి, తారులాగే బయటికి వస్తుంది. మోకాళ్ళ నొప్పులకి గోల్‌మురిలో మందుల షాపు నుంచి ఏవో బిళ్ళలు తెచ్చుకుని, ఏడాదిగా పూటకొకటి మింగుతున్నాడట. మర్నాడు డాక్టరు గొట్టం వేసి చూస్తే, ఆ బిళ్ళల వల్లే కడుపులో పుండు పడి ఉంది. రక్తం ఎక్కించాలన్నారు. రోజూ ఎంతో మందికి సూది గుచ్చే దాన్ని, నర్సు ఆయన చెయ్యి పట్టుకోగానే కారిడార్లోకి వచ్చేశాను. గోడ మీద చేతులు కడుక్కునే పద్ధతి రాసి ఉంది. అది మొత్తం చదివాను. మళ్ళీ చదివాను.

లోపలికి వెళ్ళేసరికి నాన్న పైన వేలాడుతున్న రక్తం సంచీ వైపు చూస్తున్నాడు.

"ఇది కూడా ముదురుగానే ఉంది," అన్నాడు. "ఎవరిదో?"

"తెలీదు నాన్నా."

"మంచోళ్ళే అయ్యుంటారు," అని కళ్ళు మూసుకున్నాడు.

ఆ బిళ్ళలు మానేశాడు. పుండు మానింది. మూడు నెలల్లో ఆయాసం పోయింది. పొద్దున్నే పార్కుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. అక్కడ తన ఈడు రిటైరైన వాళ్ళు కనిపిస్తే, నమస్కారం పెట్టాక హిందీలో మొదట అడిగేది, మోకాళ్ళకి ఏం మింగుతున్నారని. రెండోది, నేను ఆయన్ని అడిగిందే. ఇద్దరు పార్కు మానేశారని అమ్మ చెప్పింది.

ఒకాయన మాత్రం పోయిన వారం మా ల్యాబ్‌కి వచ్చాడు. మీ నాన్న పంపాడన్నాడు. నేను అడగాల్సింది అడిగాను. ఆయన గోడ మీద క్యాలెండర్ వైపు తిరిగి, నలుపేనని హిందీలో, "కాలా," అన్నాడు.