బంద్ చేసి దాచిన ఫోను

2023 మార్చిలో నన్ను కాన్పుల వార్డు నుంచి డయాలసిస్ యూనిట్‌కు హెడ్ నర్సుగా మార్చారు. గోదావరి ఒడ్డున ఉన్న ఒక ప్రభుత్వ దవాఖానా అది, పేరుతో పని లేదు. నా రిటైర్మెంటు దగ్గర్లోనే ఉంది. ఇన్నేళ్లూ కాన్పుల దగ్గర అరిచి అరిచి నా గొంతు పోయిందనీ, డయాలసిస్ అయితే కూర్చుని చేసే డ్యూటీ అనీ సూపరింటెండెంట్ గారు నా మీద దయ తలచారు. కూర్చుని చేసే డ్యూటీయే. కూర్చుని ఏం చూడాలో మాత్రం ఆయన చెప్పలేదు.

మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయిన మనిషికి వారానికి రెండు మూడుసార్లు రక్తాన్ని యంత్రం గుండా తిప్పి శుభ్రం చేయాలి. ఒక్కొక్కరికి నాలుగు గంటలు పడుతుంది. యంత్రాలు కొన్నే కాబట్టి, ఏ రోగి ఏ రోజు ఏ షిఫ్టులో రావాలో ముందే ఖాయం చేస్తాం. దాన్ని స్లాటు అంటాం. స్లాటు దొరకనివాళ్లు వెయిటింగ్ లిస్టులో ఉంటారు. ఎవరైనా రాని రోజున ఆ యంత్రం మీద వీళ్లను ఎక్కిస్తాం, లేదంటే బస్సెక్కి ఖమ్మం పోతారు. స్లాటు ఖాళీ కావాలంటే ఉన్నవాళ్లలో ఒకరు ఊరు మారాలి, లేదా చనిపోవాలి. ఊరు మారినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

ఖాళీ వచ్చిన రోజే లిస్టులో పైనున్న మనిషికి ఫోన్ చేయాలి. కాస్త వ్యవధి ఇచ్చి మూడుసార్లు చేయాలి. మధ్యాహ్నంలోగా దొరక్కపోతే తరువాతి పేరుకు పోవాలి. ఈ నియమం కఠినమని బయటివాళ్లకు అనిపిస్తుంది. ఆ తరువాతి మనిషి కూడా కాళ్లు వాచి, ఊపిరాడక కూర్చున్నవాడే. అందుకే ఆ నియమాన్ని నేను ఎన్నడూ తప్పుపట్టలేదు, ఇప్పుడూ పట్టను.

ఆ ఏప్రిల్‌లో లిస్టులో మొదటి పేరు దానియేలుది. దుమ్ముగూడెం దాటాక లోపలి పల్లె. తాపీ మేస్త్రీ. మనిషి పొడగరి, మాట తక్కువ. యంత్రం మీద పడుకున్నంతసేపూ మా గది గోడ నిలువు సరిగ్గా లేదని చూపుడువేలితో చూపించేవాడు. వెంట భార్య మార్తమ్మ వచ్చేది. వాళ్లకు సొంత ఫోను లేదు. బూర్గంపాడులో ఉండే బావమరిది నంబరు ఇచ్చారు. అతను ఫ్యాక్టరీ పనిలో ఉంటాడు, లోపలికి పోయేటప్పుడు ఫోను గేటు దగ్గరే పెట్టిపోవాలి. ఈ నంబరు నమ్ముకుంటే నెత్తిన చెయ్యి పెట్టుకోవాల్సిందేనని నేను గట్టిగానే చెప్పాను.

“కొంటం సిస్టరమ్మా. తునికాకు పైసలు వస్తయి గద, గవ్విట్ల కొంటం,” అంది మార్తమ్మ.

అడవిలో కోసిన బీడీ ఆకుల డబ్బు చేతికి వచ్చిన రోజు ఆమే నేనూ బజారుకు వెళ్లాం. ఒక బటన్ల ఫోను, ఒక సిమ్ము కొనడానికి ఇంత చదువు కావాలని నాకు అంతవరకూ తెలియదు. అన్నిటికంటే చవక ఫోను చూపించి ఇది ఇవ్వమంటే, దుకాణదారు ఊరి పేరు అడిగి తల అడ్డంగా ఊపాడు.

“గా ఊళ్ళె ఒక్క కంపెనీ టవరే అందుతది మేడం. గా కంపెనీ సిమ్ము ఈ పాత ఫోన్ల పడదు. ఫోర్‌జీ ఫోనే కావాలె.”

ఫోర్‌జీ బటన్ల ఫోను ధర చవకదానికి దాదాపు రెట్టింపు. పైగా అది ఆ కంపెనీ సిమ్ము తప్ప మరొకటి తీసుకోదు. పోనీ, సిమ్ము వేసి ఊరుకుంటే ఫోన్లు వస్తాయి కదా అన్నాను. నా మొదటి ఫోనులో ఒకసారి డబ్బు వేస్తే ఏళ్ల తరబడి ఫోన్లు వస్తూనే ఉండేవి.

“గా జమానా పోయింది మేడం. ఇప్పుడు రీచార్జి లేకుంటే వచ్చే ఫోన్లు కూడా బంద్.”

నెల ప్లాను ఉంది, మూడు నెలల ప్లాను ఉంది. మూడు నెలలదైతే రోజుకు తక్కువ పడుతుంది, కానీ డబ్బంతా ముందే పెట్టాలి. ఉన్నవాడికి చవక, లేనివాడికి ఖరీదు. ఈ న్యాయం ఎవరు కనిపెట్టారో గానీ వాడికి దండం పెట్టాలి. నా పర్సు తీయబోతే మార్తమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. కొంగుముడి విప్పి మూడు నెలలదే వేయించింది. వేయించాక ఒక మాట అడిగింది.

“మాట్లాడకుంటే మిగులుతదా అన్నా?”

“నువ్వు పొద్దంత మాట్లాడినా అయిపోదమ్మా,” అని నవ్వాడతను.

ఆమె తృప్తిగా తలూపింది. తిరిగొచ్చాక నేను నంబరు లిస్టులో రాసుకుని, మా యూనిట్ నుంచి ఒకసారి చేసి చూశాను. ఆమె చేతిలోనే మోగింది.

మే నెలలో ఒక ఉదయం స్లాటు ఖాళీ అయింది. ఎలా అయిందో చెప్పక్కర్లేదు. నేను దానియేలు నంబరు కలిపాను. స్విచ్ ఆఫ్ అని రికార్డు గొంతు చెప్పింది. మళ్లీ చేశాను, అదే మాట. బావమరిదికి చేశాను. మోగింది, ఎత్తలేదు. మూడుసార్లు అన్నది నియమం, నేను ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. ఫోను పోయిందేమో, చెడిపోయిందేమో అనుకున్నాను. మా టెక్నీషియన్ గడియారం చూసి నన్ను చూశాడు. తరువాతి పేరు పెనుబల్లి వైపు ఒక చిన్న వయసు తల్లిది. మొదటి రింగుకే ఎత్తింది. మాట పూర్తి కాకముందే ఏడ్చేసింది. ఆమె సంతోషం విని నాకు ఒళ్లు మండింది, అందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ తరువాతి సోమవారం దానియేలు వచ్చాడు. ఎవరో రాకపోవడంతో ఆ రోజుకు యంత్రం దొరికింది. ఫోను ఏమైందని నేను అడగబోతున్నాను. మార్తమ్మే రవిక లోపలి నుంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసింది. దాంట్లో ఫోను కొత్తదనం పోకుండా ఉంది, తెర మీది అట్ట కూడా తీయలేదు.

“ఒక్క దినం గూడ ఖరాబు చెయ్యలే సిస్టరమ్మా. బంద్ చేసి దాస్తున్న. రోజూ పొద్దుగూకినంక ఒక్కసారి తెరిచి, మీ ఫోను వచ్చిందేమోనని చూస్తున్న. కంపెనీ మెసేజులు బొచ్చెడు వస్తున్నయి గని, మీ ఫోనైతే రాలే.”

ఎందుకు బంద్ చేశావమ్మా అన్నాను.

“పని లేనప్పుడు దీపం పెట్టుకోని కూసుంటమా?”

ఆమె లెక్కలో తప్పేముంది? బియ్యమైనా, కిరసనాయిలైనా, పాతకాలపు ఫోను డబ్బులైనా వాడకపోతే మిగిలేవి. ఇంట్లో ఉన్నదాన్ని పొదుపుగా వాడి, జబ్బు మనిషిని ఇన్నాళ్లు బతికించుకున్న ఆడమనిషి ఆమె. తెరిచినా మూసినా రోజులు కరిగిపోయే సరుకు ఒకటి ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పారు? స్విచ్ ఆఫ్ ఉన్నప్పుడు నేను చేసిన ఫోన్ల సంగతి ఆ మెసేజుల్లోనే ఇంగ్లీషులో ఉంది. ఆమెకు తెలుగే చదవడం రాదు.

దాచడం నాకు చేతకాదు. స్లాటు వచ్చి చేజారిందనీ, ఫోను మూసిపెట్టినా రోజులు మిగలవనీ రెండు సంగతులూ చెప్పాను. మంచం మీద నుంచి దానియేలు విన్నాడు. “పోనీలే మార్తా,” అన్నాడు. ఆమె ఏడవలేదు. బొటనవేలితో బటను నొక్కి, తెర వెలిగేదాకా అలాగే పట్టుకుంది. ఆ తరువాత ఆ ఫోను ఆరలేదు. పనికి పోయినా, ప్రార్థనకు పోయినా ఒంటి మీదే పెట్టుకుంది.

మా దగ్గర స్లాటు మాత్రం ఖాళీ కాలేదు. రోజూ ఖాళీ కావాలని కోరుకుంటే ఎవరి చావు కోరుకుంటున్నానో నాకు తెలుసు. అయినా కోరుకున్నాను. జూన్ చివర్లో ఖమ్మం పోయే ఓపిక లేక దానియేలు రెండుసార్లు డయాలసిస్ తప్పించాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. మా దగ్గరికి ఆటోలో తెస్తుంటే దారిలోనే పోయాడు.

సమాధి అయిన కొన్నాళ్లకు మార్తమ్మ వచ్చింది. యంత్రం మీద పడుకునేటప్పుడు కప్పుకునే ఆయన దుప్పటి మా యూనిట్‌లో ఉండిపోయింది. అది మడిచి ఇస్తుంటే ఆమె ఫోను మోగింది. ఉలిక్కిపడి చెవికి పెట్టుకుంది. కాసేపు విని, అర్థం కాక నాకు ఇచ్చింది. మీ ప్లాను గడువు త్వరలో ముగుస్తుంది, రీచార్జి చేసుకోండి అని రికార్డు గొంతు. ఆ నంబరుకు వేళకు అందిన ఫోను నాకు తెలిసి అదొక్కటే.

“ఎవరు సిస్టరమ్మా?”

కంపెనీవాళ్లు అన్నాను.

“ఇంకా దినాలు మిగిలినయా?”

అవ్, మిగిలినయి అన్నాను. ఆమె ఫోనును కవరులో పెట్టి, దుప్పటి చంకన పెట్టుకుని పోయింది.

ఈ ఉదంతం నాకు నేర్పింది చిన్న సంగతి. వెయిటింగ్ లిస్టులో నంబరు రాసుకోవడం, అది మోగుతుందో లేదో ఒకసారి చూసుకోవడం చాలదు. రిటైర్ అయ్యేదాకా, నంబరు ఇచ్చిన ప్రతి మనిషినీ ఎదురుగా నిలబెట్టి, ఫోను తెరిచి పెట్టినా బంద్ పెట్టినా రోజులు ఒక్కలాగే పోతాయని చెప్పాను. వాళ్ల నోట మళ్లీ చెప్పించాను. చాలామంది ఆశ్చర్యపోయారు. ఆ ఒక్క మాట చెప్పడానికి ఎంతోసేపు పట్టదు.