నికోయ్ తాత కట్టే జోడీలు

సముద్రం ఒడ్డున, బాక్సర్లకు పేరుపడ్డ మా బుకోమ్ పేటలో నికోయ్ తాతకు ఉన్న జబ్బు ఒక్కటే. జన్మలో తలపడని ఇద్దరు బాక్సింగ్ చాంపియన్లను తన ఊహలో కొట్లాడించడం. ఒకడు నలభై తొమ్మిది కిలోలవాడు, ఇంకొకడు నూరు కిలోలవాడు అయితే ఆయనకు ఆ రోజు పండగే.

మా కెంకే బల్ల బాక్సింగ్ జిమ్ము గేటు పక్కనే. ఆరో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నేను పిన్ని పక్కన కూర్చుని కెంకే అనే మొక్కజొన్న ముద్దలూ వేయించిన చేపలూ పొట్లం కట్టి ఇస్తున్నాను. నాకు మాట్లాడటం అలవాటు లేదు కాబట్టి వినడమే పని. తాత పొద్దున్నే వచ్చేవాడు.

"తూనీగ సోవానీ, ఇనుపగోడ ఆలోటేనీ బరిలోకి దింపితే ఎవరు గెలుస్తారు?"

"ఆలోటే తుమ్మితే సోవా సముద్రంలో పడతాడు, ముసలోడా" అనేది పిన్ని.

"బరువులు సమానం చేశాక సంగతి అడుగుతున్నా. ఆలోటేని సగానికి తగ్గిస్తా."

"తల కూడా తగ్గుద్దా?"

తాత తన మెడ తడుముకునేవాడు. "తల తగ్గదు. మెడ తగ్గుద్ది."

"ఆ మెడ మీద ఆ తల నిలబడుద్దా మరి?"

"అందుకే సోవా గెలుస్తాడంటున్నా."

మర్నాడు సోవా బరువు పెంచేవాడు, అప్పుడు ఆలోటే గెలిచేవాడు. ఈ అయోమయంలో పిన్ని ఒకరికి చేప లేకుండా కెంకే, ఇంకొకరికి కెంకే లేకుండా చేప ఇచ్చేది.

ఆయనకు చాంపియన్లే కావాలని లేదు. ఒక చావింట్లో పాస్టరు ప్రార్థన చేస్తుంటే నా వైపు వంగి, "ఈయన పొడుగు. శవపెట్టె చేసిన వడ్రంగి గట్టోడు. ఎనిమిది రౌండ్లు పెడితే?" అన్నాడు. నేను తల దించుకున్నాను. ముందు కూర్చున్న, పోయినాయన భార్య కళ్లు తుడుచుకుని, "వడ్రంగే" అంది. ఆ తర్వాత అరగంటసేపు ఆ ఇంట్లో ఎవరూ ఏడవలేదు. పాస్టరు పక్షం కొందరు, వడ్రంగి పక్షం కొందరు.

మా అన్న అమార్ యాభై నాలుగు కిలోల బాక్సరు. తన బరువువాడు ఎవడూ దొరక్క, లార్తే అనేవాడితో పోటీకి సంతకం పెట్టాడు. కాగితం మీద హద్దు యాభై ఎనిమిది. లార్తే అసలు బరువు అరవై ఆరు. రెండు రోజులు నీళ్లు మానేసి, ఎండిపోయి తూకం దాటి, మర్నాటి పోటీకి తినీ తాగీ మళ్లీ అరవై ఆరవుతాడు. అన్నకేమో అప్పటికే ఎడమకన్ను మసక. నేను మానుకోమంటే, "మధ్యలో మానుకుంటే పిరికోడంటారే. నోరు మూసుకో" అన్నాడు.

కన్ను సంగతి నాకొక్కదానికే తెలుసనుకున్నాను. ఒకరోజు తాత అన్న తినడం చూస్తూ, "మీ అన్న ఎడమపక్క చేప ముక్క వదిలేస్తున్నాడేం?" అన్నాడు. నేను ఇంకో పొట్లం కట్టడం మొదలుపెట్టాను. ఆయన మళ్లీ అడగలేదు.

తూకం రోజు తాత నా దగ్గర మూడు అరలీటరు నీళ్ల ప్యాకెట్లు కొన్నాడు. జిమ్ము కుళాయి నీళ్లు తప్ప తాగని మనిషి. నాకేమీ అర్థం కాలేదు.

జిమ్ము ఆవరణలో తూకం పుస్తకం సరిగ్గా పన్నెండుకు మూసేస్తారు; అప్పటికి హద్దులోకి రానివాడికి పోటీ ఉండదు. అన్న తూకం ముందే అయిపోయింది. పదకొండు దాటాక లార్తే పెదాలు పగిలి, కళ్లు గుంటలు పడి వచ్చి, పిలుపు కోసం బెంచీ మీద కూలబడ్డాడు. తాత ప్యాకెట్లు పక్కన పెట్టుకుని అతని దగ్గర కూర్చున్నాడు.

"ఒక చిన్న సందేహం తమ్ముడూ. సోవా ఆలోటేని కొట్టేస్తాడు కదా?"

"ఆలోటే మా మేనమామ" అన్నాడు లార్తే.

"తెలుసు. సగం చేశాకే లే."

"మా మామని సగం చెయ్యడానికి నువ్వెవరు?"

"మాట్లాడకురా, గొంతు ఎండుద్ది" అన్నాడు అతని కోచ్.

"పోనీ, సోవాని రెట్టింపు చేద్దాం. నాలుగు చేతులొస్తాయి."

"నాలుగెట్టా వస్తాయి?"

"రెట్టింపంటే మరి?"

ఇక ఆవరణంతా మూగింది. కోచ్ కూడా రెండు చేతులే అని వాదనలో దిగాడు. తూకం అధికారి కలం పక్కన పెట్టి, ఎముకల బరువు విడిగా లెక్కేయాలన్నాడు. అందరూ నోళ్లు చూస్తున్నారు. నేను చేతులు చూస్తున్నాను. లార్తే గొంతు కీచుమంది. వాదన ఆపకుండానే అతని చెయ్యి పక్కకు వెళ్లి ఒక ప్యాకెట్టు అందుకుంది. మూల కొరికి, తాగి, "మా మామ ఎడమచెయ్యి ఒక్కటి చాలు" అన్నాడు. కాసేపటికి రెండోది. ఆ తర్వాత మూడోది.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా అధికారి ఉలిక్కిపడి పిలిచాడు. ముల్లు యాభై తొమ్మిదిన్నర దగ్గర ఆగింది. కోచ్ బెంచీ మీది ఖాళీ ప్యాకెట్లు చూసి, తల పట్టుకుని నేల మీదే కూర్చున్నాడు. పుస్తకం మూసేశారు. పోటీ లేదు. మా అన్నను పిరికివాడనడానికీ వీల్లేదు.

"ముసలోడి వాగుడు నా పోటీని మింగేసింది" అని అన్న వారం రోజులు తిట్టాడు. ఆ వారంలోనే నేను నోరు విప్పి పిన్నికి కన్ను సంగతి చెప్పాను. పిన్ని అన్నను చొక్కా పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోయింది. మందులతో నయమవుతుందన్నారు.

తర్వాత ఒక పొద్దున తాత వచ్చాడు. "కోర్కోర్, నువ్వు ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. తూనీగా, ఇనుపగోడా?"

చేప పొట్లం కడుతూ, తల ఎత్తకుండానే చెప్పాను. "ఎవరైనా పెద్దోణ్ణి మాటల్లో పెడితే చిన్నోడే గెలుస్తాడు, తాతా."

ఆయన నన్ను చూశాడు. పిన్ని విన్నదేమోనని అటు చూశాడు. పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు.

"ఏంటే, ఇవాళ వాదించకుండానే పోయాడు? ఒంట్లో బాగోలేదా?" అంది పిన్ని.