మోకాలని చెప్పుకున్న తొడనొప్పి

సహోదరులారా, నేను ఐదో తరగతిలోనే బడి మానేశాను, మనిషి శరీరం గురించిన పాఠం ఆ పై తరగతి పుస్తకంలో ఉందట! అందుకే నా తొడలో ఏముందో తెలుసుకోవడానికి నెత్తి నెరిసేదాకా ఆగాల్సి వచ్చింది. నవ్వండి, పర్వాలేదు. ఆ రోజుల్లో మాత్రం మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

నేను ఎల్లారెడ్డి ఊరి దగ్గర వడ్ల బస్తాలు మోసే హమాలీని. యాసంగి పంట వడ్లు లారీకి ఎక్కిస్తుంటే తడి చెక్క మీద ఒక కాలు జారిపోయింది, రెండో కాలు అక్కడే ఉండిపోయింది, భుజం మీద బస్తా, గజ్జ దగ్గర ఏదో పటుక్కుమంది! తొడ లోపలంతా నల్లబడి ఆ నలుపు మోకాలి దాకా దిగింది.

"ఏడ నొస్తున్నదే?" అన్నారు తోటివాళ్లు.

"మోకాలు" అన్నాను. అందరి మీదా జోకులేసే నేను గజ్జ అంటే వాళ్లు నన్ను బతకనిస్తారా? భార్యకూ అదే చెప్పాను. ఆర్ఎంపీ డాక్టరు మోకాలికి సూది వేశాడు, పాస్టరుగారు మోకాలికి నూనె రాసి ప్రార్థించారు, సంఘమంతా నా మోకాలి కోసం ఉపవాసముంది! నేనేమో చాటుగా వేడి నూనెతో తొడను పిసికేవాణ్ని, కాలు చాపి లాగేవాణ్ని, అది ఇంకా ముదిరింది.

మా బాపుకు పక్షవాతం. ఆయన్ను రోజూ ఎత్తుకుని స్నానానికి, ఎండకు తీసుకెళ్లేది నేనే. ఇప్పుడు నన్నే ఎవరైనా పట్టుకోవాలి. నా భార్య ఒక్కతే ఆయన్ను ఎత్తలేకపోయింది, బాపు వీపున పుండ్లు లేచాయి, ఆ వాసన అన్నం ముద్ద దాకా వచ్చేది. ఒక మధ్యాహ్నం పట్టుదలకు పోయి ఎత్తబోయాను, కాలు ఒరిగిపోయి ఇద్దరం నేల మీద పడ్డాం.

"ఇడువురా బిడ్డా, నన్ను గిట్లనే పోనియ్యి" అన్నాడు బాపు.

ఆ నేల మీదే ఏడుస్తూ, "ప్రభువా, నా మోకాలు..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. అయ్యో, ఆ కాలును చేసినవానికి కూడా అబద్ధమే చెబుతున్నానే! "ప్రభువా, మోకాలు కాదయ్యా, తొడ లోపల, గజ్జ దగ్గర. నాకు సిగ్గయితున్నది. బాపును ఎత్తే బలం ఇయ్యి" అన్నాను. ఆయనతో చెప్పగలిగాక ఇక మనుషులతో చెప్పడం ఎంత!

మర్నాడే కామారెడ్డి బస్సెక్కాను. ఫిజియోథెరపీ డాక్టరమ్మ ముందు తువ్వాలు మెలిపెడుతూ నిలబడితే, "చెప్పు అన్నా, గిది నాకు రోజూ ఉండే పనే" అంది. నడుము కింద ముందుండే ఎముక నుంచి తొడ ఎముకకు సాగే కండరాలట, కాలును లోపలికి లాగేవి అవే, ఒంటికాలి మీద ఒరిగిపోకుండా పట్టేవీ అవే. అవి తెగిన కొత్తలో పిసకకూడదట, సాగదీయకూడదట, ఐసు చుట్టిన గుడ్డ పెట్టి, పట్టీ కట్టి, కాలికి విశ్రాంతి ఇవ్వాలట. నేను అన్నీ తలకిందులుగా చేశాను! తర్వాత దుప్పటి చుట్టి మోకాళ్ల మధ్య పెట్టుకుని మెల్లగా నొక్కడం నేర్పింది, నొప్పి పెరిగితే ఆపమంది. వారాల తరబడి నొక్కాను, ప్రతి నొక్కుకూ ఒక స్తోత్రం!

కాలు పూర్తిగా బాగుపడిందని చెప్పను, సహోదరులారా. చలి పొద్దున ఇప్పటికీ గుంజుతుంది, బస్తా ఇంకా ఎత్తలేదు. బాపు వీపున ఒక పుండు ఇంకా మానలేదు. అయినా మొన్న బాపును రెండు చేతులా ఎత్తుకుని ఎండలో కూర్చోబెట్టాను, దేవునికే మహిమ! మీలో ఎవరికైనా చెప్పుకోలేని చోట నొప్పి ఉంటే, ముందు ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పండి, ఆయన ముఖం తిప్పుకోడు, ఆ తర్వాత దాచకుండా డాక్టరుకూ చూపించండి.

పోయిన ఆదివారం ఈ సాక్ష్యమే సంఘంలో చెప్పి దిగాను. గుమ్మం దగ్గర నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఇంట్ల పెండ్లానికి చెప్పనీకి సిగ్గయింది గాని, మైకుల ఊరందరికి చెప్పనీకి సిగ్గు కాలేదాయ్యా నీకు?" అంది.