ఉయ్యాలలో పట్టని బూట్లు

మా నకరికల్లు వీధిలో కోటమ్మత్త నోటికి భయపడని వాళ్లు లేరు. పక్కింటి కోడి తన వాకిట్లో గింజ ఏరినా తగువే. అలాంటి మనిషి మనవరాలి దగ్గర మాత్రం వెన్నముద్ద. ఆ మెత్తదనమే పిల్ల కొంప ముంచింది. నాకిప్పటికీ కోపమే, జాలి కూడా.

నందిని పుట్టినప్పుడు రెండు పాదాలూ లోపలికి మెలితిరిగి ఉన్నాయి. గ్రహణం నాడు కత్తిపీట పట్టి ఉంటుందని కోడలు యమునను ఊరంతా ఆడిపోసుకుంటే, "నా కోడల్ని అనేదానికి మీరెవరే?" అని కోటమ్మత్తే అందరి నోళ్లూ మూయించింది. వారం వారం యమునతో కలిసి నరసరావుపేట ఆసుపత్రికి బస్సెక్కింది. మార్చిన ప్రతి పిండికట్టుకీ పాదాలు కాస్త కాస్త బయటికి తిరిగాయి. చివర్లో మడమల దగ్గర చిన్న కోత పెట్టి, మళ్లీ కట్లు కట్టి, విప్పేసరికి చక్కగా వచ్చాయి.

అప్పుడు బూట్లిచ్చారు. రెండింటినీ కలుపుతూ మధ్యలో ఇనప బద్ద.

"మూడు నెలలు స్నానానికి తప్ప తీయొద్దు. ఆ తర్వాత నిద్రపోయేటప్పుడల్లా వేయాలి, నాలుగేళ్లు వచ్చేదాకా," అన్నాడు డాక్టరు.

ఇంతలో మిరపకోతలొచ్చాయి. యమున పొద్దున్నే కూలీల ఆటో ఎక్కేది. పిల్ల నాయనమ్మ దగ్గర ఉండేది. నాయనమ్మకు తెలిసిన నిద్ర ఒకటే, దూలానికి కట్టిన చీర ఉయ్యాల. కొడుకు శివనాగరాజు అందులోనే పెరిగాడు. ఆ బద్ద మాత్రం ఉయ్యాలలో పట్టలేదు. అడ్డం పడేది, పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. ఒకరోజు కోటమ్మత్త బూట్లు విప్పేసింది. పిల్ల హాయిగా నిద్రపోయింది. సాయంత్రం కోడలొచ్చేలోపు మళ్లీ తొడిగేసింది. చక్కగా ఉన్న కాళ్లకు ఈ సంకెళ్లెందుకనుకుంది. అలా రెండు నెలలు గడిచాయి.

ఆసుపత్రికి ఆ రోజు నేనూ తోడు వెళ్లాను. డాక్టరు పాదాలు చూసి మొహం చిట్లించాడు.

"మళ్లీ లోపలికి తిరుగుతున్నాయి. బూట్లు వేయడం లేదు కదూ?"

యమున పిల్ల మీద ఒట్టేసింది. ఆయన నమ్మలేదు. అందరూ ఇలాగే చెబుతారని కసురుకున్నాడు. యమున కళ్లనీళ్లు పెట్టుకుంది. అంతసేపూ నోట్లో చెంగు కుక్కుకుని కూర్చున్న కోటమ్మత్త లేచింది.

"దాన్ని అనబాకయ్యా. ఇప్పింది నేను. ఏడుస్తుంటే సూడలేకపోయా. చానా తప్పు చేశా."

యమున పిల్లను తన ఒళ్లోకి లాక్కుంది. నాలుగు తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి, కొత్త కట్లతో ఉన్న పిల్లను చంకనేసుకుని మిరపచేలోకే తీసుకెళ్లింది. కోటమ్మత్త ఉయ్యాల విప్పి చీర మడతపెట్టేసింది. ఆ తర్వాత వీధిలో ఆమె గొంతు పెద్దగా వినపడలేదు.

నందినికిప్పుడు మూడేళ్లు. కుడి పాదం నిలబడింది. ఎడమది మాత్రం లోపలికే పడుతుంది, ఆపరేషన్ తప్పదంటున్నారు. పడుకునేటప్పుడు ఇంకా బూట్లు వేయాలి. ఆ బకిల్స్ కోటమ్మత్త పెట్టినంత ఒడుపుగా ఎవరూ పెట్టలేరు. రెండు నెలలు ప్రతి సాయంత్రం దొంగచాటుగా పెట్టిన చేతులవి.

నిన్న అన్నాలయ్యాక పిల్ల బూట్లు మోసుకొచ్చి ఆమె ఒళ్లో పడేసి, కాళ్లు చాపింది.

"ఎయ్యి నాయనమ్మా."

కోటమ్మత్త చేతులు చెంగు కింద దాచుకుంది. లోపల యమున గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగింది.

"నీకు రాదా?" అంది పిల్ల.

"నాకు రాదు తల్లీ. మీ అమ్మనడుగు."