స్పానిష్ పంతుళ్లతో ఫిలింనగర్‌లో ఒక సంత

ఊళ్లు తిరిగి రాసే అలవాటు నాకు లేదు. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇది నేను కాగితం మీద రాస్తే, మా పైవాటాలో అద్దెకుంటున్న స్టెల్లా టైపు చేసింది. భాషలు చెప్పే పంతుళ్లు ఫిలింనగర్‌లో డబ్బింగ్ చూడాలంటే ఎలా వెళ్లాలని ఆమెను చాలామంది అడుగుతున్నారట. తీసుకెళ్లింది నేను కాబట్టి నేనే చెబుతాను.

స్టెల్లాది బాపట్ల వైపు. ఇక్కడ యూనివర్సిటీలో కాంట్రాక్టు మీద స్పానిష్ చెబుతుంది. పాఠాలు బాగా చెబితే చాలదట. తాను కొత్తగా ఏదో నేర్చుకున్నట్టు, తోటి పంతుళ్లకు ఏదో మేలు చేసినట్టు ఏటా ఫైల్లో కాగితం పెట్టాలి. ఈసారి ఆమె దగ్గర ఆ కాగితం లేదు. శుక్రవారం సాయంత్రం ఐదులోపు ఇవ్వకపోతే కాంట్రాక్టు పొడిగించరు. నేను నలభై ఏళ్లు క్రౌడ్ డబ్బింగ్ చేశాను. తెర మీద సంతో పెళ్లో కొట్లాటో జరుగుతుంటే వెనక వినపడే జనం గోల మాదే. నా గొంతు వినని తెలుగువాడు లేడు, నా ముఖం ఎరిగినవాడూ లేడు. నాకు తెలిసిన సౌండ్ ఇంజనీర్ శ్రీకాంత్ ఒక సినిమాలో స్పెయిన్ సంత సీను కోసం ఆ భాష వచ్చిన గొంతులు వెతుకుతున్నాడు. ఇద్దరికీ నేనే కుదిర్చాను. స్టెల్లా, ఆమెతోపాటు స్పానిష్ చెప్పే మరో అయిదుగురు పంతుళ్లు గొంతులిస్తారు, అతను వాళ్లకు పని నేర్పి కాగితం మీద సంతకం పెడతాడు. శుక్రవారం పది నుంచి ఒంటిగంట దాకా డబ్బింగ్ థియేటర్ మాది.

ఎనిమిదిన్నరకు మధురానగర్‌లో మెట్రో ఎక్కాం. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ మూడో స్టేషను, టికెట్టు ఇరవై రూపాయలకు అటూ ఇటూ. మిగతా అయిదుగురు పంతుళ్లు అక్కడే కలిశారు. ఆరుగురికీ నాకూ రెండు ఆటోలు కావాలి. ఆటో అతను నూట యాభై అన్నాడు.

"నువ్వు పుట్టకముందు నుంచీ పోతున్నానయ్యా ఆ దారిన. ఎనభై ఇస్తాను."

"గప్పుడు గీ ట్రాఫిక్ ఉండెనా తాతా? వంద ఇయ్యి, కూర్చో."

వందకు ఎక్కాం. జూబ్లీ హిల్స్ పెద్ద ఇళ్ల గేట్ల ముందు డ్రైవర్లు కార్లు తుడుస్తున్నారు. ఫిలింనగర్ చేరేసరికి తొమ్మిదిన్నర. సందు మొదట్లో టీ తాగి, థియేటర్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లాం. గుమ్మం పైన ఎర్రలైటు వెలిగితే రికార్డింగ్ నడుస్తున్నట్టు, తలుపు ముట్టుకోకూడదు, ఫోను మోగకూడదు.

తెర మీద హీరో సంతలో పరుగెత్తుతున్నాడు. పంతుళ్లు మైకు ముందు నిలబడ్డారు. మొదటి టేకులో ఒకావిడ చక్కగా ఒక వాక్యం చెప్పింది. అది పూర్తయ్యేదాకా మిగతావాళ్లు ఆగారు. తరవాత రెండో ఆవిడ. మూడో ఆయన చెబుతుంటే స్టెల్లా మధ్యలో ఆపి ఆయన ఉచ్చారణ దిద్దింది. రెండో టేకూ అంతే, మూడోదీ అంతే.

శ్రీకాంత్ రికార్డింగ్ గది అద్దం అవతల నుంచి అన్నాడు. "మేడం, ఇది సంతా, పరీక్ష హాలా? ఇలాగైతే నేను వేరే దారి చూసుకోవాలి."

గడియారం పదకొండు దాటింది. నేను లేచి వెళ్లి ఆరుగురినీ దూరం దూరంగా నిలబెట్టాను. గట్టి గొంతులను వెనక్కి పంపాను.

"నువ్వు ఉల్లిపాయలు అమ్ముతున్నావు. మీరు బేరమాడుతున్నారు. ఆయన బిడ్డ తప్పిపోయింది. ఎవరూ ఎవరి కోసమూ ఆగొద్దు."

"తప్పులొస్తాయేమో బాబాయిగారూ," అంది స్టెల్లా.

"రానీ అమ్మా. సంతకొచ్చినవాడు ధర వింటాడు గానీ తప్పులు ఏరతాడా?"

నాలుగో టేకులో కాస్త కదిలారు. అయిదో టేకులో ఉల్లిపాయల మీద నిజంగానే గొడవపడ్డారు. ఎర్రలైటు ఆరాక పంతుళ్లలో ఎర్రగడ్డ నుంచి వచ్చిన పెద్దావిడ కుర్చీలో కూలబడి, "ఇరవై ఏళ్లుగా ఈ భాష చెబుతున్నాను. ఆగకుండా ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు," అంది. స్టెల్లా గోడకానుకుని ఏదో రాసుకుంటోంది. క్లాసులో పిల్లల చేతా ఇలాగే సంత పెట్టిస్తానంది.

ఒంటిగంటకు స్టెల్లా కాగితం తీస్తే శ్రీకాంత్ చేతులు వెనక్కి తీసుకున్నాడు. "బాబాయ్, సినిమా విడుదల కాకముందు మా పేరుతో కాగితం బయటికి వెళ్లకూడదు. అయినా నేనేం నేర్పాను? నేర్పింది నువ్వు."

స్టెల్లా నన్ను చూసింది. శిక్షకుడి పేరు అన్నచోట నా పేరు రాసింది. అర్హత అన్నచోట కాసేపు ఆగి, క్రౌడ్ డబ్బింగులో నలభై ఏళ్లు అని రాసింది. నేను సంతకం పెట్టాను. నాకు కొంచెం సేపు పడుతుంది. ఎవరూ తొందరపెట్టలేదు.

భోజనం చేసి క్యాబ్ మాట్లాడుకున్నాం, యూనివర్సిటీకి మూడొందల యాభై అయింది. ఆఫీసులో చాలాసేపు వరుసలో నిలబడ్డాక గుమాస్తా కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పాడు. "గీయన ప్రొఫెసరా మేడం?"

"కాదండీ. మాకు నేర్పినాయన."

"అర్హత కాడ గిదేంది?"

"సినిమాలు చూస్తావా బాబూ?" అన్నాను.

"చూస్తా."

"అయితే నా గొంతు వినే ఉంటావు. ముద్ర వెయ్యి."

నవ్వి వేశాడు. అప్పటికి నాలుగూ నలభై. మరుసటి నెలలో స్టెల్లాకు కాంట్రాక్టు పొడిగించారు.

చదువు చెప్పేవాళ్లు కూడా ఏటా ఏదో నేర్చుకున్నట్టు రుజువు చూపించాలని నాకు ఆ రోజే తెలిసింది. మా పనిలో ఆ రుజువు ఎవరూ అడగలేదు. టేకు బాగుంటే మళ్లీ పిలిచేవారు, లేకపోతే లేదు. నలభై ఏళ్లు పనిచేసినా ఎక్కడా నా పేరు వేయలేదు. ఇప్పుడు యూనివర్సిటీ బీరువాలో ఒక ఫైల్లో ఉంది, కింద నా సంతకంతో. నాకు చాలు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఫిలింనగర్‌లో పనులు నోటిమాట మీద నడుస్తాయి, మీ ఆఫీసులు కాగితం మీద నడుస్తాయి. కాగితం ముందే టైపు చేయించి తీసుకెళ్లండి. నేర్పినవాడి పేరు మాత్రం ఖాళీగా ఉంచండి. నేర్పేది ఎవరో లోపలికి వెళ్లాకే తెలుస్తుంది.